పది సెకన్లలో తొమ్మిది

2022 వర్షాకాలం. మాదాపూర్‌లోని ఒక ఆసుపత్రిలో, వెన్నెముక విభాగంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఆపరేషన్‌కు ముందు ఒకసారి, మూడు నెలలకు, ఏడాదికి మళ్లీ, రోగి ఎంత కోలుకున్నాడో కొలిచి రాసిపెట్టడం నా పనిలో భాగం. ఆ వేసవిలోనే మా ఆయన పోయారు. రోగులకు చెప్పుకునే సంగతి కాదు. అంకెలతో పని కావడం నాకు కొంత మేలే చేసింది.

దేవదానం గారికి యాభై రెండేళ్లు. నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంట్ గేటు పక్కన ఇస్త్రీ బండి నడుపుతారు. పుట్టుకతోనే వినపడదు. చేతి సైగలే ఆయన భాష. భార్య మరియమ్మ గారికీ అంతే. ఆయనకు వచ్చింది సర్వైకల్ మైలోపతి, అంటే మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయి చేతులూ కాళ్లూ పట్టు తప్పడం. వాళ్లమ్మాయి సునీత, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్, ఇద్దరికీ తోడు వచ్చింది.

"ఇస్త్రీ పెట్టె జారిపోతోందా?" అని అడిగాను.

"పెట్టె సంగతి వదిలేయండి మేడం. డాడీ చేతులకు నత్తి వచ్చింది. ఏం చెప్పినా మమ్మీకి సగమే సమజైతుంది. ఆమె మళ్లా మళ్లా అడుగుతది, ఈయనకు కోపమొస్తది. ఇగ ఇద్దరూ చెరో మూలకు కూసుంటున్నరు."

ఆయన చదువుకోలేదు కాబట్టి రాసి చూపించే దారీ లేదు. ఆపరేషన్‌తో నష్టం ఇంకా ముదరకుండా ఆగుతుందని, పోయింది తిరిగొస్తుందని మాత్రం మాట ఇవ్వలేనని సర్జన్ చెప్పారు.

నేను గ్రిప్ అండ్ రిలీజ్ పరీక్ష చేశాను. పది సెకన్లలో గుప్పిట ఎన్నిసార్లు పూర్తిగా మూసి తెరవగలరో లెక్కపెట్టాలి. సగం సగం కదలికలు లెక్కలోకి రావు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు సాధారణంగా ఇరవై దాటుతారు. ఆయన కుడిచేయి తొమ్మిది దగ్గర ఆగింది.

ఆపరేషన్ అయిన మూడు నెలలకు ముగ్గురూ మళ్లీ వచ్చారు. స్టాప్‌వాచ్ నొక్కాను. వేళ్లు మొదట చకచకా కదిలాయి. తర్వాత వంకర్లు పోయాయి, ఆగాయి, గాలిలో ఎటో తిరిగాయి. నియమం ప్రకారం పూర్తి గుప్పిళ్లే లెక్కపెట్టాను. మళ్లీ తొమ్మిదే. మార్పు లేదని రాయబోయాను.

"జర ఆగండి మేడం, గది రాయకండి." సునీత నవ్వు ఆపుకుంటోంది. "డాడీ మీ టెస్ట్ చేస్తలేడు. మమ్మీతోని ముచ్చట పెడుతుండు."

"ఏమని?"

"చిన్నపిల్లగాన్ని చేసి టాటా చెప్పిస్తున్నరు అంటుండు."

"అంతేనా?"

ఆమె కాస్త తటపటాయించింది. "ఈ మేడం అస్సలు నవ్వదెందుకని మమ్మీని అడిగిండు."

"అమ్మ ఏమన్నారు?"

"ఇంట్ల ఎవరో పోయినట్టున్నరు, ఊకో అన్నది."

మరియమ్మ గారు నా వైపే చూస్తున్నారు. అవునన్నట్టు తల ఊపాను. ఆమె కూడా తల ఊపారు.

ఇరవై ఏళ్లుగా చేతులు పరీక్షిస్తున్నాను. బలం తిరిగి రావడం చాలాసార్లు చూశాను. కానీ నేను తప్పుగా కదులుతోందనుకున్న ఆ చేయి, నా పది సెకన్లలోనే, నన్ను గమనించి ఒక ప్రశ్న అడిగింది. ఎదుటి మనిషికి ఆ ప్రశ్న పూర్తిగా అర్థమైంది, జవాబూ వచ్చింది. దాన్ని నేను బలహీనత కింద రాయబోయాను.

మాట్లాడకుండా చేయమని సునీత ద్వారా చెప్పించి మళ్లీ స్టాప్‌వాచ్ నొక్కాను. ఇరవై ఒకటి వచ్చింది. ఫారంలో ఆ అంకె వేశాను.

ఇప్పటికీ లెక్క తగ్గితే, ఆ సమయంలో మనిషి ఏం చేస్తున్నాడో కూడా పక్కన రాస్తాను. అలా రాయడం ఆ రోజే మొదలుపెట్టాను. ఆ ఫారం అంచున ఉన్న నా రాత ఇది: మొదటి ప్రయత్నంలో తొమ్మిది. భార్యతో మాట్లాడుతున్నారు.