లైల్ హస్కెట్ వాయించని సోలో

లైల్ హస్కెట్ పదకొండో ఏట గిటారు పట్టాడు. బేకర్స్‌ఫీల్డ్‌లో తండ్రి లారీలు బాగుచేసే షెడ్డు వెనకగదిలో, రికార్డును సగం వేగంతో తిప్పుకుంటూ, ఒక్కో స్వరాన్నీ ఏరి నేర్చుకున్నాడు. గురువంటూ ఎవరూ లేరు. పంతొమ్మిదో ఏట లాస్ ఏంజెలెస్ గిటారు పోటీలో మొదటి బహుమతి. ఇరవై రెండో ఏట టిన్ టియారా బ్యాండులో ప్రధాన గిటారిస్టు.

అది పంతొమ్మిది వందల ఎనభై నాలుగు. సన్‌సెట్ వీధి క్లబ్బుల్లో మగాళ్లు కళ్లకు కాటుక, పెదవులకు రంగు, జుట్టుకు డబ్బాడు స్ప్రే కొట్టుకుని తిరిగిన రోజులు. నవ్వేవాళ్లు నవ్వారు. లైల్ వేళ్లను చూసి మాత్రం ఒక్కడూ నవ్వలేదు. పక్క బ్యాండ్ల గిటారిస్టులు టికెట్ కొనుక్కుని మరీ ముందువరసలో నిలబడేవాళ్లు. రెండు చేతుల వేళ్లతోనూ తీగల మీద తట్టే ఘట్టం రాగానే లైల్ వాళ్లకు వీపు చూపించేవాడు. దొంగిలిస్తారని. రెండో రికార్డు ఐదు లక్షల ప్రతులు అమ్ముడైంది. అందులో పాట మధ్య అతని గిటారు ఒక్కటే మోగే సోలోను ఒక గిటారు పత్రిక మూడు పేజీల నిండా స్వరాలతో అచ్చేసింది.

ఆ తరవాతే ఆ సంగీతానికి చీడ పట్టింది. రికార్డు కంపెనీలు వాయింపు కాక మొహం అందం చూసి గిటారిస్టుల్ని తీసుకున్నాయి. ప్రతి పాటలోనూ ఒకటే పరుగు, అర్థంపర్థం లేని వేగం. జనానికి మొహం మొత్తింది. తప్పు చేసింది వాళ్లు, శిక్ష పడింది లైల్‌కి.

తొంభై రెండులో బర్బాంక్ స్టూడియోలో మూడో రికార్డు. లైల్ సోలో ముగించేసరికి నిర్మాత కర్టిస్ బోమ్ శాండ్‌విచ్ నములుతూ తల ఊపాడు.

"బాగుంది బాబూ. అదే తంటా. ఇంత బాగుంటే ఇప్పుడెవడూ వినడు. కాస్త చేతకానివాడిలా వాయించు."

"అంటే?"

"నిన్ననే గిటారు కొన్నట్టు."

బ్యాండు పాటగాడు రిక్ డెలింగర్ అప్పటికే జుట్టు కత్తిరించుకుని, కొత్తగా వచ్చిన బ్యాండ్ల తరహాలో గళ్లచొక్కా తగిలించుకున్నాడు. "ఒరేయ్, నీ గారడీకి కాలం చెల్లిందిరా! నేను జుట్టు కోసుకోలేదూ? నువ్వు వేళ్లు కోసుకో!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు.

లైల్ ఒళ్లు మండిపోయింది. అయినా ప్రయత్నించాడు. అలా ప్రయత్నించినందుకే తరవాత తనమీద తనకు ఎక్కువ కోపం వచ్చింది. ఏడుసార్లు వాయించాడు. ఎంత అడ్డదిడ్డంగా లాగినా వేళ్లు వాటంతటవే సరైన చోటికే వెళ్లాయి.

"కుంటివాడిలా నటించేవాడి నడకలా ఉంది," అన్నాడు బోమ్.

రిక్ గిటారు లాక్కున్నాడు. నాలుగే స్వరాలు, అందులో ఒకటి తప్పు, తిప్పితిప్పి వాయించాడు.

"అదీ!" అని బోమ్ బల్ల గుద్దాడు.

"సరే, దాని మీద మీ రిక్ పేరే వేసుకోండి," అన్నాడు లైల్.

"నీ పేరే ఉండాలిరా. మన పాత జనం నీ పేరు చూసేగా కొనేది!" అన్నాడు రిక్.

"పంతొమ్మిదేళ్లు వేళ్ల చర్మం ఊడేలా సాధన చేసింది వీడి తప్పు స్వరానికి నా పేరు పెట్టడానికా? తీసెయ్యండి నా పేరు!"

"ఒప్పందంలో సంతకం పెట్టావుగా బాబూ," అన్నాడు బోమ్ చల్లగా.

లైల్ తలుపు విసిరికొట్టి వెళ్లిపోయాడు. బ్యాండు మళ్లీ పిలవలేదు, అతను వెళ్లలేదు.

మరుసటి ఫిబ్రవరిలో క్యాసెట్ వచ్చింది. అట్ట మీద 'గిటారు మొత్తం: లైల్ హస్కెట్' అని ఉంది. రెసీడాలోని పాటల దుకాణంలో లైల్ ఒక్కో క్యాసెట్ రేపరు చించి, నల్ల ఇంకు కలంతో ఆ పేరు కొట్టేయడం మొదలుపెట్టాడు.

"ఏవయ్యా, పిచ్చా?" దుకాణం నడిపే డోరీన్ పరుగెత్తుకొచ్చింది.

"నా పేరు నేను కొట్టేసుకుంటున్నా."

ఆమె అతని మొహంలోకి పరీక్షగా చూసింది. "ఆ లైల్‌వి నువ్వేనా! అందులో సోలో బాగుందయ్యా. నీ వాయింపులో నేను పాడుకోగలిగింది అదొక్కటే."

లైల్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తరవాత కలం మరింత గట్టిగా దిగింది, అట్ట చిరిగింది.

"లోపల ఇంకెన్ని ఉన్నాయి?"

"ఓ పెట్టె ఉంది."

"పట్రా."