చిట్టెం పోసిన చోటు చూపిన అత్తమ్మ

మా మేనత్త పోయింది. పోయిన సోమవారం పొద్దున మహబూబాబాద్‌లో బస్సెక్కబోతుంటే తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, అత్తమ్మ ఇగ లేదు" అన్నాడు. జనగామ దవాఖానలో మూడు రోజులుంది. కిడ్నీలు పాడయ్యాయన్నారు. ఎందుకు పాడయ్యాయని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు. మళ్లీ వెళ్లి అడగాలని ఇప్పటికీ మనసు పీకుతోంది.

పాలకుర్తి దగ్గర మా ఊరి చివర, పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఒకటుండేది. అత్తమ్మ అక్కడ కూలికి పోయేది. ఇంటికి రాగానే చింతపండుతో చేతులు రుద్ది రుద్ది కడిగేది. అప్పటిదాకా పిల్లలం దగ్గరికి పోతే కసిరేది. షెడ్డు మూతపడి ఏళ్లు గడిచినా ఆ అలవాటు పోలేదు. ఆమె కుదురుగా కూర్చుని తినగా నేను చూడలేదు. గిన్నె చేత పట్టుకుని వాకిట్లో తిరుగుతూనే రెండు ముద్దలు మింగేది.

ఊళ్లో బర్రెలు వరుసగా చచ్చిపోయి, పిల్లల రక్తంలో సీసం ఉందని తేలాక అధికారులు మట్టి పరీక్షకు వచ్చారు. షెడ్డు ఆవరణలోనే తవ్వి చూస్తారని విన్నాం. కానీ సీసం తీసేయగా మిగిలిన నల్ల చిట్టెం చాలావరకు పక్కనున్న మా చెలకలో ఉంది. గుంత పూడుతుందని నాయినే పోయించుకున్నాడు. తట్టలతో మోసి పోసింది అత్తమ్మ.

నేను ఆమెకు ఫోన్ చేశాను. "అత్తమ్మా, మన చెలక సంగతి ఎత్తకు. పంట ఆపేస్తరు." చదువుకున్నదాన్ని, ఆ మాట నేనే అన్నాను.

"తెల్వక పోసిన బిడ్డా. తెలిసినంక ఊకుంటే ఎట్ల?" అంది.

మర్నాడు అధికారుల ముందు నిలబడి, "గీడ కాదు సార్, గా చెలకల తవ్వున్రి" అందట.

"నీకెట్లా తెలుసమ్మా?"

"నెత్తిమీద మోసినదాన్ని, నాకు తెల్వదా?"

రెండేళ్లు చెలకలో పత్తి గింజ పడలేదు. నాయిన పరాయి చేలల్లో కూలికి పోయాడు. ఎదురింట్లోనే ఉన్న తన అక్కతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె పంపిన కూర మాత్రం తినేవాడు. ఖాళీ గిన్నె అమ్మతో పంపించేవాడు.

చివరికి చెలకలోంచి ఆ చిట్టెం తీసేసే తవ్వకం మొదలైంది. అత్తమ్మ రోజూ అక్కడే. లారీ కదిలితే చాలు, "పట్ట కప్పున్రి, దుమ్ము లేస్తది" అని వెంటపడేది. ఒకరోజు మోకాలి లోతుకే పని ఆపేశారు. యంత్రం నడిపే భూపాలపల్లి అతను, "అవ్వా, గింత సాలు. కింద మంచి మట్టే" అన్నాడు. ఆమె గుంతలోకి దిగి గడ్డపారతో పొడిచింది. నల్లగా పెళ్లలు లేచాయి. మళ్లీ వారం రోజులు తవ్వారు. ఆ మట్టిని దూరంగా, ప్రమాదకరమైన చెత్తను పూడ్చే చోటికి తరలించి, గుంతలో ఎర్రమట్టి నింపారు. ఇంకో పరీక్ష బాగుంటే పంట వేసుకోవచ్చన్నారు. ఆ కాగితం ఇంకా రాలేదు. "వచ్చిందా బిడ్డా?" అని ఆమె దవాఖాన మంచం మీదినుంచి కూడా అడిగింది.

శ్మశానానికి పోయే దారిలో, మా ఆనవాయితీ ప్రకారం దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. అక్కడ దగ్గరివాళ్లు చెవిలో మూడుసార్లు పిలవాలి. ఆమెకు పిల్లలు లేరు. ఎవరు పిలుస్తారని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుండగా నాయిన ముందుకొచ్చి మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, "అక్కా" అన్నాడు. "అక్కా. అక్కా."

పాడె ఎత్తడానికి నలుగురూ వంగారు. నాయిన లేవలేదు. మూడుసార్లు అయిపోయిందని ఎవరో భుజం తట్టారు. ఆయన ఇంకా పిలుస్తూనే ఉన్నాడు.