కారంపూడి దారిలో ఏసీ చప్పుడు

మా మేనత్త రత్తమ్మకు చూపున్నది ఒక్క కన్నే. రెండోది చిన్నతనంలోనే పత్తికట్టె గుచ్చుకుని పోయింది. మిగిలిన కంటికి శుక్లం ఆపరేషన్ చేయించడానికి ఆమెను మాచర్ల నుంచి నరసరావుపేట తీసుకొచ్చాను. ఆపరేషన్ బాగానే అయింది. మర్నాడు తొమ్మిదింటికి పంపించేస్తూ, దుమ్ము, ఘాటు తగలకూడదని, కన్ను నలపకూడదని నర్సు మరీమరీ చెప్పింది. ఆ సంగతి ముందే తెలిసి నేను బస్సు మానుకుని కారు తెచ్చాను.

పేటలో ఇడ్లీ తిని కారంపూడి దారి పట్టాం. మిరప కోతల రోజులు. రోడ్డుకు రెండు వైపులా కల్లాల్లో కాయ ఆరబోసి ఉంది. అద్దం వేలెడు దించితే తుమ్ములే. అద్దాలన్నీ ఎక్కించి ఏసీ వేశాను.

కాస్త దూరం పోగానే డ్యాష్‌బోర్డులో గడగడ మొదలైంది.

"ఏందిరా అది, జొన్నలు మరాడిస్తున్నట్టు?" అంది అత్త.

"ఏం లేదులే అత్తా," అన్నాను గానీ లోపల లెక్కలేసుకుంటున్నాను. కంప్రెసర్ బేరింగ్ పోయిందేమో, బెల్టు తెగుతుందేమో. ఏసీ ఆపి ఉత్త ఫ్యాన్ ఉంచినా చప్పుడు ఆగలేదు. ఫ్యాన్ పెంచితే పెరిగింది, తగ్గిస్తే తగ్గింది. అంటే కంప్రెసర్ కాదు, ఫ్యాన్‌లోనే ఏదో పడింది. కాస్త ఊపిరి పీల్చుకున్నానో లేదో, గాలితోపాటు గుప్పున మిరపఘాటు వచ్చింది. అద్దాలన్నీ మూసే ఉన్నాయి. అత్త దగ్గుతూ, ఆసుపత్రిలో పెట్టిన నల్లకళ్లద్దాల కిందికి కన్ను నలపడానికి చెయ్యి పోనిచ్చింది. బండి ఆపి ఆ చెయ్యి పట్టుకున్నాను. ఫ్యాన్ కట్టేశాను.

కారంపూడి దాకా చెమటలు కక్కుకుంటూ వెళ్లాం. అక్కడి నుంచి ఆసుపత్రికి ఫోన్ చేస్తే, చుక్కలు వెయ్యమని, చూపు మసకబారితే వెంటనే వెనక్కి రమ్మని చెప్పారు. చుక్కలు వేశాను. చూపు ఎలా ఉందో మాత్రం అత్త చెప్పదు.

"బానే ఉందిలేరా," అంది. ఆ రెండో కన్ను పోయినప్పుడు కూడా ఇంట్లో ఇదే మాట చెప్పిందట. నాకు భయం ఇంకా ఎక్కువైంది.

ఆమెను టీకొట్టు నీడన కూర్చోబెట్టి పక్కనే ఉన్న మెకానిక్ షెడ్డులో బండి పెట్టాను. ఏసీ ఫిల్టర్‌ను ఎలుకలు కొరికేశాయి. ఫ్యాన్ ఊడదీస్తే చిరిగిన గుడ్డ, నల్లదారం, ఎండుమిరపకాయలు బయటపడ్డాయి.

"కల్లంలో గాని పెట్టావా అన్నా బండి?" అన్నాడు మెకానిక్. "వైపర్ల కింద గాలి పోయే జాలీ విరిగింది. అందులోంచి జారినయ్."

టీకొట్టు నీడలోంచే ఇది విన్న అత్త తల వంచుకుంది. "దిష్టి మూటరా. బండి ముందర కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ నువ్వు పీకేస్తివి. అందుకని వైపర్ల కింద దోపా. ఈ రోడ్ల మీద ఒక్కడివే తిరుగుతావు గదా."

కోపం రావాల్సిన చోట ఆమెకు టీ చెప్పాను.

మెకానిక్ ఫ్యాన్ దులిపి బిగించాడు. అద్దాలు దించి, ఘాటంతా పోయేదాకా ఫ్యాన్ తిప్పాం. గడగడ పోయింది, సన్నగా టిక్కుటిక్కు మాత్రం మిగిలింది.

"లోపల చిన్నదేదో ఇరుక్కుంది, దొరకట్లా. పర్లేదు, పోవచ్చు," అన్నాడు.

దిష్టికి వాడినవి రోడ్డు మీద పారెయ్యకూడదు, ఇంటికెళ్లి పొయ్యిలో వెయ్యాలని అత్త పట్టుబట్టింది. కాయల్ని ప్లాస్టిక్ కవరులో వేసి గట్టిగా ముడేసి ఇచ్చాను. మధ్యాహ్నం దాటాక బయలుదేరాం. మాటిమాటికీ ఆమె మొహం చూస్తూ నడిపాను. బండి వెనక్కి ఆసుపత్రికే తిప్పుదామా అని కూడా అనిపించింది.

మాచర్ల ఇంకాస్త దూరం ఉందనగా అత్త ఆ కవరును వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"ఒరేయ్, ఈ కాయల్లో ఒకదానికి తొడిమ లేదు. తొడిమున్నయ్యే ఏరి కట్టా నేను. ఆ టిక్కుటిక్కు ఆ తొడిమేరా."

బండి పక్కకు ఆపి చూశాను. అన్నీ నలిగి ఉన్నాయి. చానాసేపు వెతికితే గాని తొడిమ లేని కాయ నా రెండు కళ్లకూ కనపడలేదు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఏసీ మళ్లీ వేశాను. ఇల్లు చేరేదాకా ఆ టిక్కుటిక్కు వింటూనే నడిపాను.