చదవకుండా పెట్టిన సంతకం

మొన్న గాజువాకలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి పార్సిల్ కోసం వెళ్ళాను. కౌంటరు వెనక ఎక్కడో పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కర్రుకర్రుమంటూ రసీదు కొడుతోంది. కాగితం అంచుల్లో చిల్లులు, ఆరిపోతున్న రిబ్బను సిరా వాసన. ఆ చప్పుడు వినగానే వీపు నిటారైంది, చేతులు ఒళ్ళోకి వచ్చి కూర్చున్నాయి. నోరు దానంతటదే మూసుకుంది. "సార్, సంతకం" అని గుమాస్తా రెండుసార్లు అంటే గానీ ఈ లోకంలోకి రాలేదు. పాతికేళ్ళ కిందట నన్ను అలా కూర్చోబెట్టిన మనిషి పేరు నూకరత్నం. మేమంతా రత్నం మేడమ్ అనేవాళ్ళం.

తొంభైల చివర ద్వారకానగర్‌లో, ఒక బట్టల కొట్టు మీద రెండో అంతస్తులో మా ఆఫీసు ఉండేది. ఆరుగురం ప్రోగ్రామర్లం, నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. మేడమ్ మా అందరికీ పెద్ద. జాలరిపేటలో పుట్టి పెరిగిన మనిషి. తండ్రి తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు, తల్లి నెత్తిన గంప పెట్టుకుని మహారాణిపేట దాకా చేపలు అమ్మేది. ఆ ఇంట్లోంచి వచ్చి ఎమ్‌సీఏ చదివి, హైదరాబాదులో కొన్నేళ్ళు పనిచేసి, తండ్రి మంచాన పడ్డాక తిరిగొచ్చేసింది. ఆఫీసులో ఆవిడ మాట పుస్తకంలోంచి దిగినట్టు ఉండేది. చిరాకు వస్తే మాత్రం జాలరిపేట యాస గడప దాటి లోపలికి వచ్చేసేది. నేను స్టీల్‌ప్లాంటు క్వార్టర్స్‌లో పెరిగిన కృష్ణా జిల్లా వాళ్ళబ్బాయిని. మా నాన్న ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చాడు. చేపల పేటలోంచి వచ్చిన ఆవిడ నాకు నేర్పేదేముంటుందిలే అని మొదటి రోజు అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

చేరిన రోజే నా చేతిలో ఒక పుస్తకం పెట్టింది. పుస్తకమంటే పన్నెండు పేజీలు, ఆవిడ చేతిరాతకి జిరాక్సు, నీలంరంగు వలతాడుతో కుట్టింది. ప్రోగ్రాం ఎలా రాయాలో ఆవిడ పెట్టిన పద్ధతులు. ప్రతి దానికీ అది చేసే పనిని బట్టి పేరు పెట్టాలి. ఒక ముక్క ఒక పనే చెయ్యాలి, అది కంప్యూటరు తెర మీద ఒక్క చూపులో పట్టాలి. మార్పు చేస్తే ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో పైన రాయాలి. ఉత్త అంకె ఎక్కడా వాడకూడదు. ప్రతి అంకెకీ ఒక పేరు ఉండాలి, ఆ పేరు చివరి పేజీలో ఉన్న జాబితాలోకి ఎక్కాలి. "ఇంకా నయం, తుమ్మడానికి పద్ధతి రాయలేదు" అని పక్క సీటు సుధ చెవిలో అన్నాను. సుధ నవ్వలేదు. ఆ అమ్మాయి అప్పటికే ఏడాది నించి అక్కడ పనిచేస్తోంది.

అసలు వింత శనివారం మధ్యాహ్నాలది. వారమంతా రాసిన ప్రోగ్రాములు ప్రింటు తీసి, రాసినవాళ్ళు కాకుండా వేరేవాళ్ళు పైకి చదవాలి, చిన్నపిల్లలు తెలుగు వాచకం చదివినట్టు. రాసినవాడు చేతులు ఒళ్ళో పెట్టుకుని వినాలి తప్ప ఒక్క ముక్క మాట్లాడకూడదు. చదివేవాళ్ళు ఎక్కడ తడబడితే అక్కడ మేడమ్ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టేది. అది మళ్ళీ రాయాలి. అంతా చదివాక అడుగున సంతకం పెట్టేది. ఆ సంతకం లేనిది ఏదీ గడప దాటేది కాదు.

నా మొదటి ప్రోగ్రాం సుధ చదివింది. ఈ ఊళ్ళో మగవాళ్ళంతా ఒకళ్ళనొకళ్ళు బావా అని పిలుచుకోవడం నాకు తమాషాగా ఉండేది. అందుకని ప్రోగ్రాంలో లెక్కపెట్టే వాటన్నిటికీ బావ1, బావ2, బావ3 అని పేర్లు పెట్టేశాను. సుధ గంభీరంగా మొదలుపెట్టింది. "బావ ఒకటి, బావ రెండు కంటే పెద్దవాడైతే, బావ మూడుకి ఒకటి కలుపు." గదంతా గొల్లుమంది. మేడమ్ ఒక్కతే నవ్వలేదు.

"ఏటి బాబూ, ఈ మూడో బావ ఏటి సేత్తాడు?" అంది.

"అంటే మేడమ్, అది..."

"నువ్వు మాటాడకు. కాయితం సెప్పాల. రేపు నువ్వుండవు, కాయితముంటాది."

కాకి పిల్ల కాకికి ముద్దు. నాకు మండింది. సాయంత్రం ఆవిడ టేబులు దగ్గరికి వెళ్ళి, ప్రోగ్రాం సరిగ్గానే నడుస్తోంది కదా, ఎలా రాస్తే ఏమిటని అడిగేశాను. ఆవిడ కోప్పడలేదు. వాళ్ళ నాన్న తెప్ప సంగతి చెప్పింది. తెప్ప మీద తాళ్ళన్నీ ఒకే ముడితో కడతారట. చేతివాటం కొద్దీ ఎవడైనా సొంత ముడి వేస్తే ఒడ్డుకొచ్చాక వాడి చేతే విప్పించి, మళ్ళీ వేట మొదలుపెట్టే దాకా ఆ తాడు ముట్టుకోనిచ్చేవారు కాదట. "ముడి బాగోలేదని కాదు ప్రసాద్. కెరటమొచ్చినప్పుడు ఆ తాడు దగ్గర ఎవరుంటారో ఎవరికీ తెలీదు. ఎవరున్నా విప్పగలగాలి" అంది.

ఆవిడ పద్ధతి ఆవిడకీ వర్తించేది. ఒక శనివారం ఆవిడ రాసింది చదివే వంతు నాకొచ్చింది. కసి తీర్చుకుందామని కళ్ళు చించుకుని చదివాను. నాలుగో పేజీలో నిజంగానే తడబడ్డాను. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని కూర్చుంది. ఎర్ర పెన్సిలు నా వైపు తోసింది. సున్నా చుట్టాను. సోమవారం పొద్దున్న ఆ పేజీ మళ్ళీ రాసి నా టేబులు మీద ఉంది. ఆ రోజు నించి ఆవిడంటే నాకు గౌరవం. కానీ గౌరవం వేరు, బుద్ధి రావడం వేరు.

రెండువేలు దాటిన తొలి ఏళ్ళలో చేపల రేవులోని బోటు యజమానుల సంఘం ఒకటి మా దగ్గరికి వచ్చింది. ఏ బోటు ఎప్పుడు వేటకి వెళ్ళింది, ఎప్పుడు తిరిగొచ్చిందీ కంప్యూటర్లో ఎక్కించాలి. తుపాను హెచ్చరిక రాగానే ఇంకా సముద్రం మీదున్న బోట్ల లిస్టు తీయాలి. ఆ లిస్టు చూసి ఒక్కో బోటునీ వైర్‌లెస్‌లో పిలిచి, దగ్గర్లో ఉన్న రేవుకి పొమ్మంటారు. లిస్టులో పేరు లేని బోటుని ఎవరూ పిలవరు. ఇంతే పని. మేడమ్ తమ్ముడు ఎల్లాజీ అదే రేవులో ఒక మరబోటుకి సరంగు, అంటే బోటు నడిపే పెద్ద. అందుకేనేమో, ఆవిడ ఆ పని ప్రాణం పెట్టి చేయించింది. లిస్టు తీసే ముక్క రాయడం నా వాటాకి వచ్చింది.

వెళ్ళిన బోటుకి 1, తిరిగొచ్చిన బోటుకి 2. జాబితాలో ఈ రెండే ఉన్నాయి. నెల రోజులుగా కదలని బోటు ఒడ్డున మరమ్మతులో ఉన్నట్టేనని నాకు నేనే తీర్మానించుకుని, అలాంటి దానికి ప్రోగ్రాం తనంతట తానే 3 వేసేలా రాశాను. లిస్టు తీసేటప్పుడు 3 ఉన్నవాటిని వదిలేయమని ఇంకో లైను. ఆ 3కి పేరు పెట్టలేదు, జాబితాలోకి ఎక్కించలేదు. నాకు తెలుసు కదా, చాలదూ? శనివారం మా చిన్నాన్న కూతురి పెళ్ళి, బందరులో. శుక్రవారం మధ్యాహ్నం రైలు. సంఘంవాళ్ళకి ప్రోగ్రాం శనివారమే అందాలి. ముప్పై పేజీల ప్రింటు మేడమ్ ముందు పెట్టాను.

"చదవాలి కదా" అంది.

"మేడమ్, భూతద్దం పెట్టి వెతికినా తప్పు దొరకదు. నా మాట నమ్మండి. రైలు పోతుంది."

నా మొహంలోకి చూసింది. గడియారంలోకి చూసింది. పెన్ను తీసి సంతకం పెట్టేసింది. నేను ఎగురుకుంటూ మెట్లు దిగాను.

నేను పెళ్ళి భోజనాల్లో ఉండగా సంఘంవాళ్ళు కొత్త కోరిక కోరారు. ఒడిశా వైపు పదిహేనేసి రోజుల వేటకి వెళ్ళే బోట్లని వేరేగా గుర్తు పెట్టాలట. సుధ చివరి పేజీ తీసి జాబితా చూసింది. 1, 2 ఉన్నాయి. తర్వాతి అంకె 3 ఇచ్చింది, పేరు పెట్టింది, జాబితాలో రాసింది. తర్వాతి శనివారం, నేనింకా బందరు నించి రాకముందే, దాన్ని పద్ధతిగా పైకి చదివారు కూడా. సుధ చేసినదాంట్లో తప్పేం లేదు.

రెండు నెలలకి వాయుగుండం పట్టింది. పొద్దున్న ఎనిమిది గంటలకి హార్బరులో ప్రమాద సూచిక ఎగరేశారు. మేడమూ సుధా నేనూ వానలో తడుచుకుంటూ రేవుకి వెళ్ళాం. సంఘం గదిలో ప్రింటరు కర్రుకర్రుమంటూ లిస్టు కొట్టింది. నాకు గర్వంగా ఉంది, అబద్ధం ఎందుకూ. మేడమ్ కాగితం చింపి, పేర్ల మీద వేలు పెట్టి పై నించి కిందకి వచ్చింది. మళ్ళీ పైకి వెళ్ళింది.

"ఎల్లాజీ బోటు ఏదీ?" అంది.

రేవు గుమాస్తా తన పుస్తకం చూసి, "తొమ్మిది రోజులయినాది అమ్మా ఎల్లి. ఇంకా రాలేదు" అన్నాడు.

మేడమ్ కుర్చీ లాక్కుని తెర మీద నా ప్రోగ్రాం తెరిచింది. అరవలేదు. శనివారం చదివినట్టే, అదే గొంతుతో, ఒక్కో లైనూ పైకి చదవడం మొదలుపెట్టింది. బయట గాలి రేకుల్ని లేపుతోంది. నేను నోరు తెరవబోతే ఎడమచెయ్యి ఎత్తి ఆపింది. "స్థితి మూడు అయితే, వదిలెయ్" అని చదివి ఆగింది.

"ఈ మూడేటి?"

"మరమ్మతు, మేడమ్" అన్నాను.

"అయ్యో, దూరం వేటకి నేను మూడే ఇచ్చాను కదా" అంది సుధ వెనక నించి. ఆ పిల్ల ఏడ్చేసింది.

మేడమ్ లేచి కుర్చీ నాకిచ్చింది. "నువ్వే కొట్టు. నాను సదువుతాను" అంది. ఎన్నిసార్లు తప్పు కొట్టానో గుర్తులేదు. నేను కొట్టిన ప్రతి లైనూ ఆవిడ నా వెనక నిలబడి పైకి చదివింది. రెండోసారి లిస్టు తీస్తే ఇంకో పదకొండు బోట్లు వచ్చాయి. ఆ పదకొండింట్లో ఉన్న మనుషులు ఎంతమందో ఆ రోజు లెక్కపెట్టే ధైర్యం నాకు లేకపోయింది. ఈ రోజుకీ లేదు.

మధ్యాహ్నానికి పది బోట్లు వైర్‌లెస్‌లో పలికాయి. ఎల్లాజీ బోటు పలకలేదు. మేడమ్ కిటికీ దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుంది. నేను దగ్గరికి వెళ్ళలేకపోయాను, దూరంగానూ ఉండలేకపోయాను. నాలుగు గంటలు దాటాక ఒడిశాలోని గోపాలపురం రేవు నించి కబురొచ్చింది. పక్క బోటు వాళ్ళు పిలుపు విని, వైర్‌లెస్ పాడైన ఎల్లాజీ బోటుని వెంటబెట్టుకుని ఒడ్డుకి చేర్చారట. ఆ పక్క బోటు కూడా మొదటి లిస్టులో లేనిదే. మేడమ్ కొంగుతో మొహం తుడుచుకుంది.

అప్పుడు సంఘం ప్రెసిడెంటు వచ్చి అడిగాడు. "పొద్దున్న లిస్టులో అన్ని బోట్లు ఎలాగ పోనాయమ్మా? ఎవుడిది తప్పు?"

"నాదే. చదవకుండా సంతకం పెట్టాను" అంది మేడమ్.

నేను ముందుకి అడుగు వేశాను. ఆవిడ ఎడమచెయ్యి లేచింది. రాసినవాడు మాట్లాడకూడదు. నేను మాట్లాడలేదు. ఆ మొదటి లిస్టు వెనక ఆవిడ ఎర్ర పెన్సిలుతో అదే మాట రాసి, తేదీ వేసి, ఆఫీసు ఫైల్లో పెట్టింది. నన్ను తర్వాత ఒక్క మాట కూడా అనలేదు. తర్వాతి శనివారం నా ప్రోగ్రాం ముప్పై పేజీలూ మొదటి నించి చదివించింది, అంతే. ఇంట్లో మా నాన్న చేత తన్నులు తిన్నా ఇంత నొప్పి ఉండేది కాదు.

ఆ తర్వాత ఏడేళ్ళు ఆవిడ దగ్గరే పనిచేశాను. జబ్బు చేసి ఆవిడ పోయింది. పోయిన నెలకి జాలరిపేట వెళ్ళాను. ఎల్లాజీ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నా బ్యాగులో ఆ పన్నెండు పేజీల పుస్తకం ఉంది. దాని వలతాడు చూసి గుర్తుపట్టాడు. "ఇయన్నీ నానే కుట్టీవోణ్ణి అక్కకి" అన్నాడు. ఇంక ఆగలేకపోయాను. ఆ తుపాను రోజు లిస్టులో నీ బోటు లేకుండా చేసింది మీ అక్క కాదు, నేను అని చెప్పేశాను.

ఎల్లాజీ వల ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"గోపాలపురం నించి వొచ్చిన రోజున అక్క నా కాడికొచ్చి, నా సేతులు రెండూ అట్టుకుని ఏడిసింది బాబూ. 'నాను సదవలేదురా, సదవలేదురా' అని. ఎవుడు రాసినాడే అని అడిగినాను. 'రాసినోడికి తెల్దు, నాకు తెలుసు గదా' అన్నాది. మొన్న ఆసుపత్రిలో కూడా ఒకసారి అదే మాటన్నాది. నీ పేరు ఎప్పుడూ సెప్పలేదు."

నేను ఆ అరుగు మీదే కూర్చుండిపోయాను. ఎల్లాజీ లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు. పుస్తకానికి ఒకచోట తాడు వదులైతే, నేను అడక్కుండానే బిగించి ముడి వేసి ఇచ్చాడు.

ఇప్పుడు నా కింద ఇరవైమంది పనిచేస్తున్నారు. తప్పులు పట్టే పరికరాలు చాలా వచ్చాయి, అన్నీ వాడతాం. అయినా ఎవరైనా రైలు పోతుంది సార్ అని హడావిడి పెడితే, కూర్చోమని చెప్పి, వాళ్ళు రాసింది పైకి చదువుతాను. నవ్వుకుంటారని తెలుసు. అంతా అయ్యాక సంతకం పెట్టి, దాని కింద తెలుగులో 'చదివాను' అని ఒక మాట రాస్తాను. మొన్న ట్రాన్స్‌పోర్టు ఆఫీసులోనూ అంతే, గుమాస్తా ఇచ్చిన రసీదు నిలబడి మొదటి నించి చివరిదాకా పైకి చదివాను. వెనక లైన్లో ఉన్నాయన విసుక్కున్నాడు. సంతకం పెట్టి, కింద 'చదివాను' అని రాసి, పార్సిల్ తీసుకుని బయటికి వచ్చాను.