ఎడమచేతి సంతకం

"దుడ్డు బ్యాంకులోనే వేద్దాంమా. మా క్లాసు పిల్లోళ్లంతా ఆడే పెట్టుకోనుండారు. చెక్కు బుక్కు ఇస్తారంట."

"చెక్కు బుక్కు చూపించుకోని తిరగతావా? ఈడ పక్క వీధిలో పోస్టాఫీసు ఉండాది. ఆడ వేస్తాం. గమ్మునుండు."

"పోస్టాఫీసులో ముసిలోళ్లు వేస్తారు. నేను ఫారం గూడా తెచ్చేసినా, చూడు."

"ఎవుర్నడిగి తెచ్చినావు? అప్పడాలు ఒత్తింది నువ్వా, నేనా?"

పందొమ్మిది వందల యాభైలలో, వాషర్‌మెన్‌పేటలోని మా ఒంటిగది వాటాలో, ఒక సాయంత్రం నాకూ నా కొడుక్కీ జరిగిన వాదన ఇది. వాడికి పదిహేడేళ్లు. మా రెండువైపుల చుట్టాల్లో కాలేజీ మెట్లెక్కింది వాడొక్కడే. వాడి ఫీజు కోసం నేను అప్పడాలు అమ్మి కూడబెట్టిన డబ్బు గుడ్డలో మూటకట్టి, రేకుపెట్టెలో చీరల కింద ఉంది.

పెట్టెలో ఉంచితే ఏమవుతుందో ముందటేడే చూశాను. మా ఆయన బట్టల గిడ్డంగిలో బేళ్లు మోసేవాడు. కష్టపడే మనిషే, కాదనను. కాని శనివారం వస్తే గిండీ పందేల్లో పరుగెత్తే గుర్రాలు తప్ప ఆయనకు ఇంకేమీ కనబడేవి కావు. పిల్లవాడి స్కూలు ఆఖరి పరీక్షకని దాచినది అలాగే ఊడ్చుకుపోయాడు. నా ముక్కుపుడక కుదువపెట్టి పరీక్ష రాయించాను. ఇప్పుడు పుడకా లేదు. ఈ మూట పోతే వాడి చదువు ఆగిపోయినట్టే. ఇంట్లో వద్దని అన్నదీ నేనే. ఎక్కడ వేయాలన్నదే తగువు.

వాడి చేతిలోని ఫారం చూశాను. నా చదువు రెండో తరగతి, అదీ తెలుగు. ఇంగ్లీషు అక్షరాలు నాకు ముగ్గులతో సమానం. అడుగున ఉన్న గీత మీద వేలు పెట్టి, "ఈడ ఎవురు రాయాల?" అని అడిగాను.

"నాకింకా పద్దెనిమిది నిండలేదు కదమా. నాయన సంతకం పెట్టాలంట."

"తీసేటప్పుడు?"

గోడకానుకుని బీడీ కాలుస్తున్న మా ఆయన నవ్వాడు.

"తీసేటప్పుడూ నాయనే. పిల్లోడికి నీకన్నా తెలివుండాదే. ఇట్టా తేరా, పెట్టిస్తా."

నాకు ఒళ్లు తెలియలేదు. చేతిలో ఉన్న అప్పడాల కర్రతో పిల్లవాణ్ని కొట్టాను. భుజం మీద రెండు, మోచేతి మీద ఒకటి. పదిహేడేళ్లవాడని చూడలేదు. మా ఆయన లేచి కర్ర లాక్కుని నన్ను గోడకేసి నెట్టాడు. నేను ఊరుకునే మనిషిని కాను. చేతికందిన ఇత్తడి చెంబు విసిరాను. ఆయన కనుబొమ చిట్లి రక్తం కంట్లోకి కారింది.

"ఈ పొద్దు సంపేస్తా నిన్ను!"

"సంపు. దానికన్నా ముందు నన్ను గూడా ఏ గుర్రం మీదనో పందెం కాయి."

ఆయన పెట్టె మూత ఎత్తి చీరలు బయటికి విసరసాగాడు. నేను మీదపడి లోపలికి చెయ్యి పెట్టి మూట పట్టుకున్నాను. ఆయన మూత వేసి, దానిమీద మోకాలు పెట్టి అదిమాడు. నా కుడిచెయ్యి లోపలే ఉంది. వేళ్లు విరిగిన చప్పుడు నాకే వినబడింది. మూట వదల్లేదు.

అప్పుడు నా కొడుకు తండ్రి మెడ పట్టుకున్నాడు. అంతకుముందు ఆయన ఎదుట గొంతెత్తి మాట్లాడినవాడు కాడు. వెనక్కి లాగి కింద పడేసి, రొమ్ము మీద కూర్చుని మొహం మీద గుద్దాడు. "అమ్మ చెయ్యి! అమ్మ చెయ్యి!" అంటూ ఆపకుండా గుద్దాడు. పక్క వాటాల మగవాళ్లు నలుగురు వచ్చి విడదీశారు. వాళ్లు రాకపోతే ఆ పూట మా ఇంట్లో శవం లేచేది. చంపిన చెయ్యి నా కొడుకుది అయ్యేది. ఫారం వాళ్ల కాళ్లకింద పడి చిరిగిపోయింది.

మర్నాడు పొద్దున పసుపు పట్టించి, పాతచీర పేలికతో చెయ్యి కట్టుకున్నాను. వేళ్లు వంకాయల్లా వాచాయి. మా ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కొడుకు మొహం కడుక్కుని వచ్చి, "పదమా, పోస్టాఫీసుకు" అన్నాడు. బ్యాంకు మాట ఎత్తలేదు.

నా పేరు మీదే ఖాతా తెరవమన్నాను. గుమాస్తా నా కట్టు చూసి సిరాదిండు ముందుకు జరిపాడు. "సంతకం ఎట్లా పెడతావమ్మా? ఏలిముద్ర ఏసెయ్యి."

వద్దన్నాను. మా వాటాల వరసలోనే ఒకామె నిద్రపోతుంటే, మొగుడు ఆమె బొటనవేలికి సిరా పూసి డబ్బు తీసే కాగితం మీద అద్దుకున్నాడు. నిద్రలో ఎవరి చేతా సంతకం పెట్టించలేరు.

కలం ఎడమచేత్తో పట్టుకున్నాను. కాగితం జరగకుండా నా కొడుకు అరచేత్తో అదిమిపట్టాడు. వాడి వేళ్ల కణుపుల మీద తోలు లేచిపోయి ఉంది. నా పేరులో అక్షరాలు ఒకదానిమీద ఒకటి వాలిపోతూ పడ్డాయి. చూపించిన ప్రతిచోటా అలాగే పెట్టాను.

"ఎప్పుడు దుడ్డు తియ్యాలన్నా ఇదే మాదిరి ఉండాల. చెయ్యి బాగైందని మార్చి పెడితే ఒప్పుకోం" అన్నాడు గుమాస్తా.

"ఎడమచేత్తోనే పెడతా" అన్నాను.

పాసుపుస్తకం రవికెలో దోపుకున్నాను. వాడు అటునుంచి అటే కాలేజీకి నడిచిపోయాడు. నేను ఇంటికి వచ్చి, ఆ రోజు పిండి కూడా ఎడమచేత్తోనే కలిపాను.