వెనక్కి తీసుకోలేని సర్టిఫికెట్టు

మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి నా లాప్‌టాప్ తీసుకుని, మా కంపెనీ కంప్యూటర్ల క్లస్టరులోకి వెళ్ళడానికి నాకో సర్టిఫికెట్టు చేసిపెట్టి, ఇది ఎనిమిది గంటలు పనిచేస్తుంది ఆంటీ, ఆ తర్వాత దానంతటదే చెల్లకుండా పోతుంది, రేపు మళ్ళీ తీసుకోండి అని చెప్పి వెళ్ళిపోయింది. ఎనిమిది గంటలు అనేసరికి నాకిక కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాను, మంచినీళ్ళు తాగాను, తాగిన గ్లాసు ఎక్కడ పెట్టానో మరిచిపోయి దానికోసం వెతికాను. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో పుట్టిన నా ఈడు వాళ్ళకు ఆ లెక్క వేరే చెప్పనక్కరలేదు, గనిలో షిఫ్టు కూడా ఎనిమిది గంటలే.

మా నాన్న గని ల్యాంపు రూములో పనిచేసేవాడు. కిందికి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను నాన్న చేతికిచ్చి దీపం తీసుకునేవాడు, పైకొచ్చాక దీపం ఇచ్చేసి బిళ్ళ తీసుకునేవాడు, ఈలోగా ఆ బిళ్ళ గోడమీది బోర్డుకు వేలాడుతూ ఉండేది. షిఫ్టు ముగిసినా బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే మనిషి ఇంకా పైకి రాలేదన్నమాట. అలాంటి రోజున నాన్నకు కాలు ఒకచోట నిలిచేది కాదు, గనిలోకి దిగే షాఫ్టు దగ్గర అడిగి, అక్కడ తేలకపోతే సరాసరి ఆ మనిషి ఇంటికే నడిచి వెళ్ళేవాడు. చాలాసార్లు ఆ మహానుభావుడు దీపం ఇవ్వడం మరిచి ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉండేవాడు, నాన్న నాలుగు తిట్టి, వాళ్ళింట్లో కాఫీ తాగి వచ్చేవాడు. ఒకటి రెండుసార్లు మాత్రం అలా జరగలేదు.

గనులు మూతపడ్డాక నేను కొన్నేళ్ళు కంప్యూటరు పాఠాలు చెప్పి, చివరికి కోలారులో ఒక చిన్న కంపెనీలో చేరాను. పల్లెల్లో పాలకేంద్రాల దగ్గర పొద్దునా సాయంత్రం పోసే పాల వివరాలన్నీ మా దగ్గరికి వస్తాయి. ఆ ప్రోగ్రాములను కంటైనర్లనే పెట్టెల్లో సర్ది, కొన్ని యంత్రాలను కలిపి ఒక్కటిగా నడిపిస్తే దాన్నే క్లస్టరు అంటారు. అందులోకి ఎవరు రావాలో, వచ్చినవాళ్ళు ఏం చూడొచ్చో, ఏం ముట్టుకోకూడదో చూసే పని యాభై దాటిన నా నెత్తిన పడింది. మనిషి పేరూ గుంపూ రాసి, కంపెనీ మూల సర్టిఫికెట్టుతో సంతకం చేసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క సర్టిఫికెట్టు ఇవ్వాలి. ఆ తర్వాత ఎవరి పాత్రకు తగిన అనుమతులు వాళ్ళకు కట్టాలి. నాకా పని ఎంతో నచ్చింది, నాన్న ఉద్యోగమే నాకొచ్చిందని మురిసిపోయాను కూడా.

నాతోపాటు ఒక అక్క ఉండేది. చుట్టం కాదు, నాకంటే రెండేళ్ళు పెద్ద, బైరకూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చేది, నన్ను చెల్లీ అనేది. ఒకసారి నేను సెలవు పెట్టవలసి వచ్చి, అనుమతులన్నీ ఒక్కొక్కటిగా కట్టే ఓపిక లేక, అన్ని అధికారాలూ ఉన్న గుంపు పేరు రాసి ఏడాది గడువుతో అక్కకు సర్టిఫికెట్టు ఇచ్చేశాను. పనయ్యాక బిళ్ళలాగే వెనక్కి తీసుకోవచ్చనుకున్నాను. నా బుద్ధికి అంతకు మించి తోచలేదు.

శ్రీనివాసపురం మామిడి లారీలు రోడ్డెక్కే రోజుల్లో, అక్క సొంత పనులున్నాయని రెండు వాక్యాలు రాసిచ్చి ఉద్యోగం మానేసింది. ఆమె పేరున్న అనుమతులన్నీ తీసేశాను. తీసేశాక ఎందుకో అనుమానం వచ్చి పరీక్షించి చూస్తే, ఆ గుంపు పేరున్న సర్టిఫికెట్టు ఇంకా అన్నీ చేయగలదు, మొత్తం చెరిపేయగలదు కూడా. సంతకం పెట్టి ఇచ్చినదాన్ని రద్దు చేసే దారి ఆ క్లస్టరులో లేదు. గడువైనా తీరాలి, లేదంటే మూల సర్టిఫికెట్టునే మార్చి అందరికీ కొత్తవి ఇవ్వాలి. గడువు ఇంకా పది నెలలుంది.

యజమానికి చెప్పడానికి సిగ్గు, చెప్పకపోతే భయం. రైల్లో, చర్చిలో, పొయ్యి మీద పాలు పెట్టి కూడా, ఫోనులో, లోపలికి ఎవరొచ్చారో నమోదయ్యే లాగ్ తెరిచి ఆమె పేరు కనిపిస్తుందేమోనని వెతికేదాన్ని. కనిపించకపోతే ఆ పూటకు హమ్మయ్య అనుకునేదాన్ని. అలా ఐదు నెలలు వేగి, ఇక నావల్ల కాక యజమాని ముందు నిలబడి చెప్పేశాను. ఆయన తిట్టలేదు, పొద్దుటి పాలకూ సాయంత్రం పాలకూ మధ్య మూల సర్టిఫికెట్టు మార్చేయమన్నాడు, మార్చేశాము.

ఆ ఆదివారం బైరకూరు వెళ్ళాను. నిజం చెప్పాలంటే అక్కను చూడటానికి కాదు, నా మనసులోని బరువు దించుకోవడానికి. అక్క నడవలో కూర్చుని ఉంది, తలకు గుడ్డ చుట్టుకుంది, సగానికి సగం చిక్కిపోయింది. అయినా వచ్చినందుకు సర్టిఫికెట్టు సంగతి చెప్పక తప్పలేదు.

“నేను మానేసిన పొద్దే అది తీసేసినాను చెల్లీ, దాంతో నాకేం పని” అంది అక్క. “ఒక మాట అడిగింటే చెప్పింటా కదా.”

ఆపరేషన్ అయి మూడు నెలలయిందని తనే చెప్పింది. “కోలార్లోనే. మీ ఆఫీసుకు రెండు వీధులవతల. ఇంగ ఎవురికని చెప్పేది.”

నన్ను మాత్రం తినకుండా పంపలేదు, మనవరాలి చేత రాగిసంగటి పెట్టించింది.

నాన్నా నేనూ ఇద్దరమూ కాలు నిలవని మనుషులమే. బిళ్ళ మిగిలితే ఆయన, మనిషికి ఏమయిందోనని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేవాడు. నేను ఐదు నెలలు, ఆ మనిషి నన్ను ఏం చేస్తుందోనని రోజూ ఆమె పేరు వెతికాను, పేరు కనిపించని రోజున నెమ్మదిగా నిద్రపోయాను. ఆ రోజుల్లోనే అక్క రెండు వీధులవతల మంచం మీద ఉంది.

ఇప్పటి సర్టిఫికెట్లు సాయంత్రానికి వాటంతటవే చెల్లకుండా పోతాయి, మంచిదే, నాలాంటి వాళ్ళ తప్పులు ఒక్క పూటతో పోతాయి. ఎవరూ ఎవరింటికీ వెళ్ళి అడిగే పని లేదు. ఆ అమ్మాయి చెప్పినట్టే ఎనిమిది గంటలు కాగానే మొన్న నా తెర మీద అనుమతి లేదని వచ్చింది. సంచి సర్దుకుని స్టేషనుకు నడుస్తూ బైరకూరుకు ఫోన్ చేశాను, అక్క ఎత్తేదాకా రోడ్డు పక్కనే నిలబడి ఉన్నాను.