కుడి చెంప మీద వట్టివేరు వాసన

దయ్యాల సంగతి ఎత్తేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. పుట్టింట్లో మా పెద్దమ్మకు పూనకం వస్తే, ముందు కడుపుకింత అన్నం పెట్టండి, అదే దిగుతుందని నోరు జారి తిట్లు తిన్నదాన్ని. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని నేను అనడం లేదు. మా ఇంట్లో జరిగింది మాత్రం చెబుతాను.

మాది కర్నూలు పక్కన కల్లూరు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా వీధిలోకి వస్తున్న రోజులవి. మా మామగారు చేత్తో షేవింగ్ సబ్బు చేసేవారు. ఇంటి వెనక రేకుల షెడ్డులో సబ్బు వండి, అల్యూమినియం గిన్నెల్లో పోసి ఆరబెట్టేవారు. నందికొట్కూరు దాకా క్షౌరశాలల వాళ్ళు ఆయన వట్టివేరు సబ్బే అడిగేవారు. ట్యూబుల్లో క్రీములు వచ్చాక బేరం పడిపోయింది. అందుకే చివరి రోజుల్లో పట్టుబట్టి కొత్త సబ్బు మొదలుపెట్టారు.

పాత సబ్బు వాసన సూటిగా ఉండేది. ఎండాకాలం కిటికీకి కట్టిన వట్టివేళ్ళ తడిక మీద నీళ్ళు చల్లితే వచ్చే చల్లటి వాసన, అంతే. కొత్తదాంట్లో వట్టివేరు నూనెతో పాటు నిమ్మగడ్డి నూనె, మిరియాల నూనె, సాంబ్రాణి కలిపారు. గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుంటే నాకు పెద్ద తేడా తెలియలేదు.

"గిన్నెలో వాసన జూసి మోసపోవద్దమ్మా. వేన్నీళ్ళు పడినంక ఒక వాసన, చెంప ఆరినంక ఇంకో వాసన. అప్పుడు చెప్పాల" అన్నారు మామగారు నవ్వుతూ.

చెప్పడానికి ఆయనకొక పద్ధతి ఉంది. ఏ కొత్త సబ్బు చేసినా ముందు కుడి చెంపను దాంతో గీసుకునేవారు. అది ఆరాక ఎడమ చెంపను పాత సబ్బుతో. అద్దం ముందు కూర్చున్నాక ఎవరు పిలిచినా పలికేవారు కాదు. సగంలో లేచిన రోజే లేదు.

ఆ కొత్త సబ్బు ఆరి చెంప మీదికి రాకముందే ఆయన గుండె ఆగి పోయారు.

కర్మ చేసే కొడుకు పదో రోజు దాకా గడ్డం గీసుకోకూడదు. మా ఆయన ఒక్కడే కొడుకు. మాసిన గడ్డంతో, పీక్కుపోయిన ఆ ముఖం చూడలేక, "ఈ గడ్డం ఎప్పుడు పోతుందో ఏమో" అని అందరి ముందే అన్నాను. ఆ మాటే తర్వాత నా మెడకు చుట్టుకుంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం. మా ఆయన మేనత్త, మిగతా చుట్టాలు సామాన్ల కోసం బజారుకు వెళ్ళారు. మా ఆయన హాల్లో చాప మీద నిద్రపోతున్నారు. నేను వంటింట్లో బియ్యం ఏరుతున్నాను.

ముందు తడిమట్టి వాసన వచ్చింది. వానేమోనని చూస్తే బయట ఎండ మలమల మాడుస్తోంది. అంతలోనే పొగ, ఎక్కడో వేరు కాలుతున్నట్టు. పొగ అడుగున నిమ్మతొక్క కొరికినంత చేదు. ఆ వెనక మిరియం ఘాటు. పాత సబ్బు వాసన నేను నిద్రలో కూడా పోల్చుకోగలను. ఇది అది కాదు. కానీ వట్టివేరే.

హాల్లోకి వెళ్ళాను. ఆయన ఎడమ పక్కకు ఒత్తిగిలి ఉన్నారు. పైకి కనిపిస్తున్న కుడి చెంప నున్నగా ఉంది. చెవి కింద ఇంత నురుగు. లేపి కూర్చోబెడితే ఎడమ చెంప మీద గడ్డం ఉన్నది ఉన్నట్టే ఉంది. నేను చూస్తుండగానే పొగ వాసన పోయి, ఆ చెంప మీంచి గంధం లాంటి తీపి వాసన మొదలైంది.

బజారు నుంచి వచ్చిన మేనత్త షెడ్డు తాళం తీయించింది. కొత్త సబ్బు నడుమ గుంట పడి ఉంది. మామగారి బ్రష్షు తడిగా ఉంది.

"తాళంచెవి నీ నడుముకే ఉండాది. ఇంట్లో మెలకువగా ఉండింది నువ్వొక్కదానివే. ఇంకెవురు గీస్తారమ్మే?"

"దేవుని తోడు, నేను గాదత్తా."

ఆమె నమ్మలేదు, గడ్డం గురించి నేనన్న మాటే ఎత్తి చూపింది. పురోహితుడు ఏదో ప్రాయశ్చిత్తం చెప్పి కర్మ జరిపించాడు. కొత్త సబ్బంతా హంద్రీ నదిలో పారేశాం.

నా బాధ ఆవిడ మాటల గురించి కాదు. మా ఆయనకు నిద్ర లేకుండా పోయింది. పడుకున్నా ఎడమ చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. కుడి చెంప అయ్యాక ఎడమ చెంపేనన్న తండ్రి పద్ధతి ఇద్దరికీ తెలుసు. మనిషి చూస్తుండగానే సగమైపోయాడు. నెలకోసారైనా, "నిజం చెప్పు. నువ్వేనా?" అని అడిగేవారు. కాదంటే ముఖం ఇంకా నల్లబడేది.

ఒకరోజు ఇక తట్టుకోలేక, "అవును, నేనే" అన్నాను.

ఆయన చాప పరుచుకుని, దీపాలు పెట్టే వేళ దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయారు. చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోయె, మనిషి దక్కాడు అనుకున్నాను. ఇప్పటికీ అందరి లెక్కలో ఆ పని చేసింది నేనే. నేను చేయలేదు. ఎవరు చేశారో, ఎలా చేశారో నాకు ఈనాటికీ తెలియదు.

పోయిన వారం మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే, వట్టివేళ్ళ తడిక మీద నీళ్ళు చల్లిన వాసన చల్లగా వచ్చింది. మా ఇంట్లో తడికలు లేవు. అది పాత సబ్బు వాసన. నేను వెళ్ళి ఆయన ఎడమ చెంప మీద చెయ్యి వేసి కూర్చున్నాను.